వందకు తొంభై రెండు

మా కోడలు నేను వేసిన తాళాన్ని లాగి చూస్తుంది.

పెళ్ళయి మా ఇంటికి వచ్చిన మొదటి వారం నుంచీ అంతే. నేను గుమ్మానికి తాళం వేసి, తాళంచెవి సంచిలో పడేసుకుని మెట్లు దిగుతూ ఉంటాను. వెనక నుంచి టక్కుమని చప్పుడు. తిరిగి చూస్తే ఏమీ ఎరగనట్టు చెప్పులు వేసుకుంటూ కనిపిస్తుంది. నేను కట్టేసిన గ్యాసు మీట మళ్ళీ తిప్పి చూస్తుంది. నేను బిగించిన కుళాయి మళ్ళీ బిగిస్తుంది. ఉప్పు వేశానని నేను చెప్పిన కూరలో గరిట ముంచి మరీ రుచి చూస్తుంది. పోనీ నోరు తెరిచి ఒక్క మాట అంటుందా అంటే అదీ లేదు. అంటే బాగుండును, నేనూ నాలుగు మాటలని చల్లబడేదాన్ని. ఏమీ అనని మనిషితో పోట్లాట ఎంత కష్టమో పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

"అది దాని అలవాటమ్మా. తను వేసిన తాళమైనా అంతే, రెండుసార్లు లాగి చూసుకుంటుంది" అంటాడు మా వాడు, పెళ్ళాన్ని వెనకేసుకొస్తూ.

"తన తాళం పదిసార్లు లాక్కోమను. నాది ఎందుకు?" అంటాను నేను. వాడు పేపరు అడ్డం పెట్టుకుంటాడు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మావారి ఫిర్యాదు. ముక్కు మీద ఉంటే ఉంది, కడుపులో దాచుకోవడం నాకు చేతకాదు.

ఫ్లయింగ్ క్లబ్బు గేటుకు ఎదురుగా, రోడ్డుకు ఇవతల మా ప్రింటింగ్ కొట్టు. ఇరవై రెండేళ్ళుగా ఉంది. మిషన్లు నేను చూసుకుంటాను, లామినేషనూ బైండింగూ మావారు చూసుకుంటారు. మొదట్లో సర్టిఫికెట్ల జిరాక్సులు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు, అంతే. పన్నెండేళ్ళ క్రితం ఇళ్ళ ప్లాన్లు తీయడానికి గోడ పొడుగునా ఉండే పెద్ద మిషను కొన్నాం. అది వచ్చాక క్లబ్బులో విమానం నేర్చుకునే పిల్లలు కూడా రావడం మొదలుపెట్టారు. వాళ్ళకు కావలసిన చార్టులు, అంటే పైనుంచి దారి చూసుకునే పటాలు, ఒకప్పుడు అచ్చయి, మడతలు పెట్టి, దుకాణంలో దొరికేవట. ఆ దుకాణం ఎప్పుడో మూతపడింది. ఇప్పుడు ఎటు నుంచి ఎటు ఎగరాలో ట్యాబ్‌లో ఒక యాప్ తెరిచి అందులోనే గీసుకుంటారు. ఆ గీసుకున్నదాన్ని ఫైలు చేసి నాకు పంపితే నేను కాగితం మీద తీసి ఇస్తాను.

"చేతిలో ట్యాబ్ ఉండగా మళ్ళీ ఈ కాగితం దేనికి?" అని మొదట్లో నేనే అడిగాను, నా బేరం నేనే చెడగొట్టుకుంటూ.

వాళ్ళకు నేర్పే మాష్టారు జవాబు చెప్పారు. ఆయన్ని పిల్లలందరూ గడియారం మాష్టారు అంటారు. ఎడమ చేతికి ఒకటి, మెడలో ఒకటి, చొక్కా జేబులో ఒకటి, మొత్తం మూడు గడియారాలు. "ట్యాబ్ ఎండకి వేడెక్కి ఆరిపోతే పైన ఎవర్ని అడుగుతారమ్మా? కాగితం ఆరిపోదు" అన్నారు. అందుకని ఆయన పెట్టే ఒంటరి ప్రయాణం పరీక్షలో ట్యాబ్ ముట్టుకోకూడదు. చార్టు, పెన్సిలు, స్కేలు, గడియారం, అంతే సరంజామా.

ఆ స్కేలు సంగతి ఇక్కడే చెప్పాలి. పొడుగాటి ప్లాస్టిక్ స్కేలు, దాని మీద సెంటీమీటర్ల బదులు మైళ్ళు ఉంటాయి. చార్టు మీద రెండు చోట్ల మధ్య పెడితే ఎన్ని మైళ్ళో చెబుతుంది. మైళ్ళు తెలిస్తే ఎన్ని నిమిషాలు ఎగిరాక ఎక్కడ తిరగాలో లెక్క కట్టుకుని, పైన గడియారం చూసుకుంటూ తిరుగుతారు. అయితే ఆ చార్టు వందకు వంద, అసలు సైజులో అచ్చవ్వాలి. మా పెద్ద మిషనులో 'ఫిట్ టు పేజ్' అని ఒక గడి ఉంది. అందులో టిక్కు పెడితే మిషను తన తెలివి చూపించి, బొమ్మ మొత్తం కాగితంలో పట్టేలా కాస్త కుదిస్తుంది. కంటికి తేడా తెలియదు. ఊళ్ళన్నీ ఉంటాయి, నదులన్నీ ఉంటాయి, ఒకదానికొకటి కొంచెం దగ్గరకు జరిగి ఉంటాయి. ఆ సంగతి స్కేలుకు తెలియదు కదా, అది తన లెక్క తను చెప్పుకుపోతుంది. అందుకే మిషను నెత్తిన అట్టముక్క మీద పెద్దక్షరాలతో రాసి నేనే అంటించాను: "చార్టా? ప్లానా? టిక్కు తియ్యి!" పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా మర్చిపోలేదు. ఆ గొప్ప నలుగురి దగ్గరా చెప్పుకునేదాన్ని కూడా.

మా కోడలు బడిలో లెక్కల టీచరు. సెలవుల్లో కొట్టుకు వచ్చి చార్టులు మడతపెట్టడంలో సాయం చేసేది. మడతపెట్టాక మడత సరిగ్గా వచ్చిందో లేదో విప్పి చూసేదనుకోండి, అది వేరే సంగతి. ఒకరోజు చార్టు ముందేసుకుని "నిజంగా వీటిని చూసుకుంటూ వెళ్ళిపోవచ్చా అత్తయ్యా?" అంది. మరుసటి నెల రోడ్డు దాటి క్లబ్బులో చేరింది. నేను వద్దనలేదు. మా కోడలు విమానం నడుపుతుందని పాలవాడి నుంచి పళ్ళ డాక్టరు దాకా అందరికీ చెప్పింది నేనే. ఆమెతో మాత్రం "జాగ్రత్తగా నడుపు" తప్ప ఇంకో మాట అనలేదు. అదేమిటో, పొగడ్త నోటిదాకా వచ్చి ఆగిపోతుంది నాకు.

ఆ శనివారం ఆమె ఒంటరి ప్రయాణం పరీక్ష.

పొద్దున్నే ముగ్గురం ఇంట్లోంచి బయలుదేరాం. మా వాడికి ఆ వారం ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టు, అప్పటికే వెళ్ళిపోయాడు. నేను తాళం వేశాను. రెండు మెట్లు దిగానో లేదో, టక్కుమంది. ఎదురింటావిడ వరండాలో నిలబడి చూసి ముసిముసిగా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. పరీక్ష రోజు కదా అని దారంతా పళ్ళు బిగబట్టుకుని నడిచాను.

కొట్టు తెరిచేసరికి బడి ప్యూను గుమ్మంలో నిలబడి ఉన్నాడు, టైంటేబుల్ గోడకు అంటించేంత పెద్దదిగా కావాలని. దానికి కొలతతో పని లేదు, కాగితం నిండితే చాలు. టిక్కు పెట్టి తీసి ఇచ్చాను. తర్వాత కోడలి ఫైలు తెరిచాను. కోపంగా ఉన్నప్పుడు నా చేతులు నాకంటే వేగంగా పోతాయి. చార్టు బయటకు వచ్చింది, కత్తిరించి ఆమె చేతిలో పెట్టాను.

ఆమె దాన్ని చూసింది. సంచిలోంచి స్కేలు సగం బయటకు తీసి, నా మొహం చూసి ఆగింది.

"అత్తయ్యా, వందకి వందలోనే తీశారు కదా?"

అంతే, పొద్దుటి నుంచి పళ్ళ వెనక ఆపుకున్నదంతా బయటకు వచ్చింది. "ఇరవై రెండేళ్ళుగా ఈ కొట్టు నడుపుతున్నాను! ఈ క్లబ్బులో ఎగిరిన ప్రతివాడి చేతిలోనూ నేను తీసిన కాగితమే ఉంది! నువ్వొచ్చి నాకు వందో తొంభయ్యో నేర్పుతావా? తాళం లాగావు, గ్యాసు తిప్పావు, ఇప్పుడు నా మిషను కూడా లాగి చూస్తావా? కొలుచుకో, ఇక్కడే నా ఎదురుగానే కొలుచుకో, అదీ చూస్తాను!"

ఆమె మొహం ఎర్రబడింది. స్కేలు మళ్ళీ సంచిలో పెట్టేసింది. చార్టు చుట్టుకుని "వెళ్ళొస్తాను అత్తయ్యా, వెళ్ళొస్తాను మావయ్యా" అని రోడ్డు దాటి వెళ్ళిపోయింది.

"పరీక్షకి వెళ్తున్న పిల్లని..." అన్నారు మావారు లామినేషను మిషను వైపు తిరిగి, దానితో చెబుతున్నట్టు.

"మీరు కూడా మొదలుపెట్టండి!" అని ఇక ఆయన మీద పడ్డాను. ఒక పావుగంట సేపు, ఆయన ఎప్పుడో వంకరగా కత్తిరించిన గుర్తింపు కార్డుల దాకా అన్నీ తవ్వి తీశాను.

తొమ్మిదింపావుకు ఆమె విమానం మా కొట్టు మీదుగానే పైకి లేచింది. ఎప్పుడూ బయటకు వెళ్ళి చూసేదాన్ని, ఆ రోజు వెళ్ళలేదు. చప్పుడు దూరమయ్యేదాకా కిటికీ వైపు మాత్రం చూస్తూ కూర్చున్నాను.

తర్వాత ఇంటి ప్లాన్లు గీసే ఇంజినీరు వచ్చాడు. నెమ్మదైన మనిషి. అతని ప్లాను కూడా తీసి ఇచ్చాను. అతను బల్ల మీద పరిచి, తన చిన్న స్కేలు పెట్టి చూసి, మళ్ళీ పెట్టి చూసి, గొంతు సవరించుకున్నాడు.

"ఏమీ అనుకోకండమ్మా. నా తలుపు చిన్నదైపోయింది."

"మీరే చిన్నగా గీసి ఉంటారు."

"మూడడుగులు గీశానండీ. ఇక్కడ రెండడుగుల తొమ్మిదంగుళాలే వస్తోంది. ఇదిగో కిటికీ కూడా అంతే. ఇల్లంతా కాస్త కుంచించుకుపోయింది."

నేను మిషను వైపు చూశాను. గడిలో టిక్కు ఉంది. దాని నెత్తిన నా అట్టముక్క కూడా ఉంది.

పొద్దున బడి వాళ్ళ టైంటేబుల్‌కు పెట్టిన టిక్కు. తీయలేదు. అంటే మధ్యలో తీసిన చార్టు కూడా అంతే. కాలిక్యులేటరు నొక్కాను. వందకు తొంభై రెండు. అరవై మైళ్ళు ఆమె స్కేలు మీద యాభై అయిదే చూపిస్తాయి.

ఆ యాభై అయిదూ అరవయ్యీ ఎందుకంత ముఖ్యమో నాకు బాగా తెలుసు. ఆ పరీక్ష దారి ఏళ్ళ తరబడి నా చేతుల మీదుగానే అచ్చవుతోంది. క్లబ్బు నుంచి నేరుగా వెళితే కొండల మధ్య ఒక నది వస్తుంది. దాని మీద రెండు వంతెనలు, అయిదు మైళ్ళ ఎడం, రెండూ ఒకేలా ఉంటాయట. మొదటిది యాభై అయిదు మైళ్ళ దగ్గర, రెండోది అరవై దగ్గర. రెండో వంతెన మీద కుడికి తిరిగితే విశాలమైన లోయ, దాని చివర వాళ్ళు దిగాల్సిన అవతలి విమానాశ్రయం. మొదటి వంతెన దగ్గర తిరిగితే ఇంకో లోయ, పోనుపోను ఇరుకై చివరకు కొండ గోడతో మూసుకుపోతుంది. రెండేళ్ళ క్రితం ఒక కుర్రాడు అలాగే తిరిగాడు. చివరి క్షణంలో ఎలాగో వెనక్కి మళ్ళి బయటపడ్డాడు గానీ, దిగాక క్లబ్బులో సంచి కూడా తీసుకోకుండా ఇంటికి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. అతను గడియారం చూసుకోక తప్పు చేశాడు. మా కోడలు గడియారం చూసుకుంటుంది, నిమిషం పొల్లుపోకుండా చూసుకుంటుంది. నేను ఇచ్చిన చార్టు ప్రకారం ఆమె గడియారం సరిగ్గా మొదటి వంతెన మీదే 'తిరుగు' అంటుంది.

గోడ గడియారం తొమ్మిదీ నలభై చూపిస్తోంది. నిమిషానికి మైలున్నర లెక్కన తొమ్మిదీ యాభై రెండుకు ఆమె ఆ వంతెన మీద ఉంటుంది.

నాకు మోకాళ్ళ నొప్పులున్నాయి. క్లబ్బు గేటు దాకా పరుగెత్తేటప్పుడు ఆ సంగతి జ్ఞాపకం రాలేదు. కొట్టు బార్లా తెరిచి ఉంది, ఇంజినీరు నోరు తెరుచుకుని నిలబడి ఉన్నాడు, మావారు వేడి లామినేషను చేతిలో పట్టుకునే నా వెనక పరుగెత్తుతున్నారు.

రేడియో గదిలో ఒక్క అమ్మాయే ఉంది. ఎప్పుడూ పెన్సిలు కొరుకుతూ కూర్చుంటుంది. విషయం చెప్పేసరికి పెన్సిలు కింద పడేసింది.

"ఇప్పుడే కొండల వెనక్కి వెళ్ళిందమ్మా. అక్కడికి మన మాట అందదు. అవతల లోయలోంచి బయటపడ్డాక మళ్ళీ వినపడుతుంది."

"అయినా పిలువు!"

పిలిచింది. మూడుసార్లు పిలిచింది. గరగరమని చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ గరగరలో ఆమె గొంతు ఉందేమోనని నేను చెవి ఆనించి విన్నాను.

"మాష్టారేరీ?"

"ఇంకో కుర్రాడితో పైన తిరుగుతున్నారు." ఆ అమ్మాయి ఆయన్ని రేడియోలో పిలిచి, నేను చెప్పినదంతా ఆయనకు వినిపించింది.

తర్వాత ఆయన గొంతు, చాలా నెమ్మదిగా: "ఎనిమిది నిమిషాల్లో దిగుతాను. అవతలి వాళ్ళకి ఫోన్ చేసి, ఆమె వచ్చే దిక్కు చూస్తూ ఉండమను. నా బల్ల మీద కవరు ముట్టుకోవద్దు."

"ఏ కవరు?" అన్నాను.

రేడియో అమ్మాయి కంగారుగా చెప్పింది. ఈ పరీక్షలో మాష్టారు పెట్రోలూ వాతావరణమూ చూసి పంపిస్తారట, దూరాలూ నిమిషాలూ చూడరట. "అవి కూడా నేనే చూస్తే ఇక పరీక్ష నీదా నాదా?" అంటారట. ఎగిరేవాళ్ళు తమ లెక్కల నకలు కవరులో పెట్టి అంటించి ఆయన బల్ల మీద పెట్టి వెళ్ళాలి. తిరిగొచ్చాక ఆయనే తెరిచి, వెళ్ళిన దారితో సరిచూసి మార్కులు వేస్తారు. ఇంకెవరూ తెరవకూడదు.

గోడ మీద తొమ్మిదీ నలభై ఎనిమిది. ఇంకో నాలుగు నిమిషాలు. ఎనిమిది నిమిషాల తర్వాత దిగే మాష్టారుతో నాకేం పని?

పక్క గదిలోకి వెళ్ళి ఆ కవరు చింపాను. "అయ్యో, అమ్మా!" అని ఆ అమ్మాయి అరుస్తూనే ఉంది. మావారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు, ఎవరైనా వస్తే ఆపుదామని కాబోలు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నా పక్షాన అంత గట్టిగా నిలబడింది అప్పుడే.

లోపల ఒకే కాగితం. ఆమె గుండ్రటి టీచరు రాత. అందులో ఎక్కడ యాభై అయిదు ఉందో చూడాలని కళ్ళు పరుగెత్తించాను. కళ్ళకు నీళ్ళు అడ్డం వచ్చి ఏమీ కనబడలేదు. రేడియో అమ్మాయి చేతిలో పెట్టి "చదువు" అన్నాను.

ఆమె చదివింది. "గమనిక. చార్టు అచ్చు వందకి తొంభై రెండు. ప్లాస్టిక్ స్కేలు వాడలేదు. దూరాలన్నీ చార్టు అడుగున ఉన్న మైళ్ళ గీతతో కొలిచాను."

"మళ్ళీ చదువు."

మళ్ళీ చదివింది. ఆ కింది వరుసలు కూడా చదివింది. "మొదటి వంతెన యాభై అయిదు మైళ్ళు. ఇక్కడ తిరగకూడదు. రెండో వంతెన అరవై మైళ్ళు, నలభై నిమిషాలు. కుడికి." 'తిరగకూడదు' కింద రెండు గీతలు గీసి ఉన్నాయట.

"మైళ్ళ గీతంటే ఏమిటి?" అన్నారు మావారు గుమ్మంలోంచి.

"ప్రతి చార్టు అడుగునా పది మైళ్ళు ఇంత, ఇరవై మైళ్ళు ఇంత అని ఒక గీత అచ్చయి ఉంటుంది బాబాయిగారూ. చార్టు కుంచించుకుపోతే ఆ గీత కూడా దాంతోపాటే అంతే కుంచించుకుపోతుంది. దాంతో కొలిస్తే లెక్క ఎప్పటికీ తప్పదు" అంది ఆ అమ్మాయి. "ముందు ప్లాస్టిక్ స్కేలు ఆ గీత మీద పెట్టి చూసుంటుంది. వందుండాల్సిన చోట తొంభై రెండు కనపడుంటుంది."

లాగి చూసిందన్నమాట. నేను అన్ని మాటలన్నా, గడప దాటి వెళ్ళి మరీ లాగి చూసింది.

నేను మాష్టారు కుర్చీలో కూలబడి ఏడ్చాను. దాచుకోవడం చేతకాదని చెప్పాను కదా. గొంతెత్తి, ముక్కు చీదుకుంటూ, మధ్యలో నవ్వుతూ ఏడ్చాను. మావారు చేతిలో ఉన్న లామినేషనుతో నాకు విసురుతూ నిలబడ్డారు. అది ఎవరిదో పదో తరగతి మార్కుల జాబితా.

మాష్టారు వచ్చేసరికి చింపిన కవరు, ఏడ్చిన మొహం, తన కుర్చీలో నేను. ముందు కవరు చూసి కళ్ళెర్రజేశారు. తర్వాత కాగితం చదివారు. మెడలో గడియారం చూశారు, చేతి గడియారం చూశారు, జేబులోది కూడా తీసి చూశారు. తొమ్మిదీ యాభై ఏడు.

"ఈపాటికి రెండో వంతెన దాటి ఉండాలి" అన్నారు. అని, నిలబడే ఉన్నారు. కాగితం మీద లెక్క సరిగ్గా ఉండటం ఒక ఎత్తు, మనిషి నేల మీదకు దిగటం ఒక ఎత్తు. ఆయనకు కుర్చీ ఇవ్వాలని కూడా నాకు తోచలేదు. నలుగురం ఆ ఫోను చుట్టూ అలాగే ఉన్నాం. ఎవరో టీ తెచ్చారు, ఎవరూ తాగలేదు.

పదీ ఇరవై నాలుగుకు ఫోను మోగింది. మాష్టారు ఎత్తి విన్నారు. ఆయన భుజాలు కిందకు దిగాయి.

"దిగింది" అన్నారు. "లెక్కలో పదీ ఇరవై అయిదు రాసుకుంది. ఒక నిమిషం ముందే దిగింది."

అప్పుడు తాగాను టీ. చల్లారిపోయి ఉంది, అయినా అంత కమ్మటి టీ నేనెన్నడూ తాగలేదు. మాష్టారి కప్పు కూడా నేనే తాగేశాను.

"కవరు సంగతేమిటమ్మా మరి?" అన్నారు మాష్టారు కాస్త తేరుకున్నాక. "నిబంధన ప్రకారం..."

"చార్టు నాది, తప్పు నాది, చింపింది నేను. ఫెయిల్ చెయ్యాల్సివస్తే నన్ను చెయ్యండి. పిల్ల జోలికొచ్చారంటే ఇక మీ క్లబ్బుకి ఒక్క కాగితం ముక్క కూడా తీసివ్వను!"

ఆయన కవరుకు పిన్ను కొట్టి, దాని మీద "ముద్రాపకురాలు తెరిచినది, ఎగిరిన తర్వాత" అని రాసి నా చేత సంతకం పెట్టించుకున్నారు.

పదకొండూ నలభై అయిదుకు ఆమె తిరిగొచ్చింది. ఈసారి బయటే నిలబడి, విమానం చుక్కలా కనబడ్డప్పటి నుంచి చక్రాలు నేలకు ఆనేదాకా చూశాను. హెడ్‌సెట్ పెట్టుకుని జుట్టంతా నెత్తికి అణిగిపోయి ఉంది. నన్ను అక్కడ చూసి భయపడింది, ఇంట్లో ఎవరికేమైందోనని.

"టిక్కు తియ్యలేదమ్మాయ్" అన్నాను. ముందు ఇంకేవో అనాలనుకున్నాను గానీ అదే వచ్చింది.

"తెలుసు అత్తయ్యా" అంది. జేబులోంచి సన్నటి కాగితం ముక్క తీసి చూపించింది. చార్టు అంచు కత్తిరించి, అడుగున ఉన్న మైళ్ళ గీతను పెన్సిలుతో దాని మీదకు ఎక్కించుకుంది. దారంతా ఆ ముక్కే ఆమె స్కేలు. చెమటకు మెత్తబడి మూలలు చుట్టుకుపోయాయి.

"ఎక్కడ కొలిచావు?"

"క్లబ్బు వెనక బెంచీ మీద. మీ ఎదురుగా కొలిస్తే మీరు బాధపడతారని. మీ మీద నమ్మకం లేక కాదత్తయ్యా, చూడకుండా ఉండలేను. ఉండలేక చూస్తాను."

"తెలిశాక వెనక్కొచ్చి ఇంకోటి తీయించుకోవచ్చు కదా! రెండు నిమిషాల పని!"

ఆమె బూట్ల వైపు చూసుకుంది. "వచ్చాను."

"ఎప్పుడు?"

"గుమ్మం దాకా వచ్చాను. మీరు మావయ్య మీద అరుస్తున్నారు. లోపలికి రావడానికి ధైర్యం చాల్లేదు. గీత ఉంది కదా, దాంతో కొలుచుకుందాంలే అని వెళ్ళిపోయా."

మావారు ఆకాశం వైపు చూశారు. నాకు ఏ మొహం పెట్టుకోవాలో తెలియలేదు. టిక్కు మర్చిపోవడం ఎవరికైనా జరుగుతుంది. నా కొట్టులోకి నా కోడలు అడుగు పెట్టలేకపోయింది, నా నోటికి జడిసి. కొండల మధ్యకు కుంచించుకుపోయిన చార్టుతో వెళ్ళడం ఆమెకు నన్ను ఎదుర్కోవడం కంటే తేలికనిపించింది. సిగ్గుతో ఒళ్ళు కాలిపోయింది. అదే క్షణంలో ఆమె నా ఎదురుగా క్షేమంగా, రెండు కాళ్ళ మీద నిలబడి ఉంది, ఆ సంతోషం పట్టలేక ఆమె భుజం పట్టుకుని కుదిపేశాను.

"ఈసారి నేను అరుస్తున్నా సరే, లోపలికొచ్చి నా మీద అరువు. వినపడిందా?"

"నాకు అరవడం రాదత్తయ్యా."

"నేర్పుతాలే. అదొక్కటే నాకు బాగా వచ్చు."

ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. మాష్టారు జేబు గడియారం చూసుకుని, మార్కుల కాగితం తెస్తానని లోపలికి వెళ్ళారు. పాసయింది. ఎంతకెంత అని నేను అడగలేదు.

కొట్టుకు తిరిగొస్తే ఇంజినీరు ఇంకా అక్కడే ఉన్నాడు. మేం తలుపులు తీసి వెళ్ళామని రెండున్నర గంటలు కాపలా కూర్చున్నాడట పాపం. అతని తలుపును మళ్ళీ మూడడుగులు చేసి ఇచ్చాను. ఇచ్చేముందు అతని స్కేలు అడిగి తీసుకుని నేనే పెట్టి చూశాను.

ఆ సాయంత్రం కొట్టు కట్టేశాం. షట్టరు దించి తాళం వేశాను, తాళంచెవి సంచిలో పడేసుకున్నాను, ఒక మెట్టు దిగాను. అలవాటు కొద్దీ ఆ చప్పుడు కోసం చెవి నిక్కబొడుచుకుని ఉంది.

ఏమీ వినబడలేదు. తిరిగి చూస్తే కోడలు నా పక్కనే ఉంది, చేతులు కట్టుకుని, రోడ్డు వైపు చూస్తూ.

"ఏం, లాగి చూడవా?"

"మీరు వేశారు కదా అత్తయ్యా."

"నేను వేశాను కాబట్టే లాగమంటున్నా."

ఆమె నా మొహం వైపు ఒకసారి చూసి, వెనక్కి వెళ్ళి లాగింది. టక్కుమంది. "ఇంకోసారి" అన్నాను. రెండోసారి కూడా లాగింది. అప్పుడు ముగ్గురం మెట్లు దిగి ఇంటికి నడిచాం.